విశ్రాంతిదినమునకు వ్రాయబడిన పాట
తొంబది రెండవ కీర్తనపై ఒక విమర్శ

కీర్తనల గ్రంథములో 150 కీర్తనలున్నవి. యాత్ర చేయువారు పాడుకొనుటకు కొన్ని, పాపమును తలంచుకొని కన్నీరు విడుచువారికి కొన్ని, రాజుల నిమిత్తము కొన్ని ఏర్పడియున్నవి. అయితే విశ్రాంతిదినమున పాడుటకని తలకట్టులోనే చెప్పబడినది ఒక్కటే. అది 92వ కీర్తన. మీ పరిశుద్ధ గ్రంథమును తెరచి ఆ 15 వచనములను ఒకసారి మెల్లగా చదివి, తరువాత ఈ వ్యాసమునకు రండి. చదువు రానివారు ఇంటిలో బడికి పోవు బిడ్డచేత చదివించుకొని వినుడి.

చదివితిరా? ఇప్పుడొక ప్రశ్న. విశ్రాంతిదినపు పాటలో పని మానవలెనను మాట ఎక్కడనున్నది? వెదకి చూడుడి, కనబడదు. నాగలి విడువుమని లేదు. కొడవలి క్రింద పెట్టుమని లేదు. అంగడి మూయుమని లేదు. విశ్రాంతి అను మాట తలకట్టులోనే నిలిచిపోయినది గాని పాటలోనికి రాలేదు. ఆ కవి మరచి యిట్లు వ్రాసెనని మనము తలంచరాదు. దానికి బదులుగా ఆయన ఏమి వ్రాసెనో చూచినయెడల, మన సంఘములలో ఆదివారమును గూర్చి జరుగుచున్న బోధలోని రెండు లోపములు బయటపడును.

మొదటి లోపము, ఆదివారమును కూడని పనుల పట్టికగా చేయుట. ఆ దినమున చేనికి పోరాదు, సంతకు పోరాదు, ప్రయాణము చేయరాదు అని చెప్పి ఊరకొందుము. రెండవ లోపము, ఆదివారమును ఒక గంట హాజరుగా చేయుట. గుడిలో కూర్చుండి, కానుక వేసి, ఆశీర్వాదము కాగానే చెప్పులు తొడుగుకొని పోవుటతో దినము నెరవేరినదని తలంతుము. మొదటి బోధ మన చేతులను కట్టివేయును గాని హృదయమునకు పనియేమియు చెప్పదు. రెండవ బోధ ఒక గంటను దేవునికిచ్చి, మిగిలిన వారమంతయు మనకే ఉంచుకొనుమని నేర్పును. యూదుల విశ్రాంతిదినము శనివారము. మనమో ప్రభువు మృతులలోనుండి లేచిన ఆదివారమున కూడుకొనుచున్నాము. ఆ భేదమును గూర్చి తర్కించుట ఈ వ్యాసపు పని కాదు. ఏ దినమైనను, ఆ దినమున మన హృదయము ఏమి చేయవలెను అనునదే ఇక్కడి ప్రశ్న.

కీర్తనకారుడు ఇచ్చు ఉత్తరము చూడుడి. ఉదయమున దేవుని కృపను, రాత్రి ఆయన నమ్మకత్వమును చెప్పుకొనుట మంచిదని ఆయన ఆరంభించుచున్నాడు. తంతివాద్యములను పిలుచుచున్నాడు. పిమ్మట తన సంతోషమునకు కారణము చెప్పుచున్నాడు. ఆ కారణము దేవుడు చేసిన కార్యములు, దేవుని చేతిపనులు. ఇదియే ఈ పాటకు కీలకము. ఆరు దినములు మనిషి తన చేతిపనిని చూచుకొనును. నేనింత దున్నితిని, ఇంత కోసితిని, ఇంత నేసితిని, ఇంకను ఇంత మిగిలినది అని లెక్కించును. ఏడవ దినమున ఆ చూపు త్రిప్పుకొనవలెను. నా చేతులు ఆగినను దేవుని చేతులు ఆగలేదని చూచుటయే విశ్రాంతి. చేతులు ముడుచుకొని కూర్చుండి మనస్సులో అప్పులు లెక్కించుకొనువాడు పని మానెనే గాని విశ్రమింపలేదు. కనుకనే కవి పని మానుటను గూర్చి చెప్పక, ఆరాధనను గూర్చి చెప్పెను. ఆరాధన వచ్చిన చోట విశ్రాంతి వెంట వచ్చును.

ఈ పాట కట్టుబడిని కూడ గమనింపుడి. 15 వచనములలో నడిమిది 8వ వచనము. దానికి ముందు 7, వెనుక 7. ఆ నడిమి వచనము మిక్కిలి చిన్నది. దేవుడు నిత్యము ఉన్నతుడైయున్నాడని మాత్రము అది చెప్పును. హెబ్రీ మూలమున దేవుని నామము ఈ కీర్తనలో సరిగా 7 మారులు వచ్చుచున్నది. వారములోని దినములెన్నో, నామము అన్ని మారులు. నడిమి గుంజ నిలిచినయెడల పాక నిలుచును. వారమునకు ఆ గుంజ ఆరాధన అని ఈ పాట తన కట్టుబడిలోనే నేర్పుచున్నది.

ఇక కష్టమైన భాగమునకు వత్తము. ఇట్టి సంతోషగీతమున నడుమ దుష్టులు, శత్రువులు ఎందుకు వచ్చిరి? అనేకులు ఈ కీర్తనను చదువునప్పుడు మొదటి అయిదు వచనములు, చివరి నాలుగు వచనములు చదివి నడిమి భాగమును దాటిపోవుదురు. నెమ్మదిని గూర్చిన పాటలో పగవారి మాట వారికి రుచింపదు. ఇట్టి పఠనము తప్పని నా అభిప్రాయము. ఆ వచనములు తీసివేసిన యెడల, కడుపు నిండినవారు మాత్రము పాడుకొను పాట మిగులును. బీదవాని విశ్రాంతికి అడ్డుపడువారు లోకములో ఉన్నారు. అతని అలసటవలన లాభము పొందువారున్నారు. కీర్తనకారునికి ఆ సంగతి తెలియును గనుక వారిని దాచలేదు.

ధర్మశాస్త్రమును చూడుడి. పది ఆజ్ఞలు రెండు చోట్ల వ్రాయబడినవి. నిర్గమకాండము 20వ అధ్యాయమున విశ్రాంతిదినమునకు కారణము సృష్టి. దేవుడు ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున విశ్రమించెను. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయమున కారణము వేరు. ఐగుప్తులో మీరు దాసులైయుంటిరి, దేవుడు మిమ్మును విడిపించెను, కాబట్టి మీ దాసదాసీలును మీవలెనే విశ్రమింపవలెను. మన ప్రసంగములలో మొదటి కారణమే తరచుగా వినబడును. రెండవది ఎంత తక్కువగా వినబడునో మీరే ఆలోచింపుడి. ఇటుకల పనిలో సెలవెరుగని జనులకు దేవుడిచ్చిన మొదటి బహుమానములలో ఇది యొకటి. ఆమోసు ప్రవక్త 8వ అధ్యాయమున, విశ్రాంతిదినము ఎప్పుడు గడచునా, ధాన్యమెప్పుడు అమ్ముదుమా, తూకమెప్పుడు తగ్గింతుమా అని కాచుకొనియుండు వర్తకులను గద్దించెను. ఆ దినమున వారు అంగడి తెరువలేదు. అయినను వారు విశ్రాంతిదినమును పాటించినవారు కారు.

ఈ సంగతి తెలుగుదేశపు క్రైస్తవులకు చదివి నేర్చుకొనవలసినది కాదు, అనుభవించినది. 1866లో ఒంగోలునకు వచ్చిన జాన్ క్లౌ దొరగారి కాలమున, యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యమువలన మాదిగ కుటుంబములు అనేకములు ప్రభువును నమ్మెను. వారికి మూడు నియమములు ఏర్పడెను. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. ఈ మూడింటిలో మొదటిది విశ్రాంతిని గూర్చినది. కపిలబావులకు తోలుబానలు కుట్టుట, చెప్పులు కుట్టుట, పిలిచినప్పుడెల్ల వెట్టికి పోవుట వారికి తరతరాలుగా వచ్చిన కట్టుబాటు. అట్టివారు వారమునకొక దినము మేము రామని చెప్పిరి. ఆ మాటకు వారు కష్టములు సహింపవలసివచ్చెను. చదువరీ, మనము ఆదివారమున గుడిలో తీరికగా కూర్చుండుట మన తాతలు ఇట్లు వెల చెల్లించి తెచ్చిన భాగ్యము. ఈ సంగతి తెలిసినవాడు 92వ కీర్తనలోని శత్రువుల వచనములను దాటిపోడు.

అదే భాగమున ఒక ఉపమానమున్నది. దేవుడు తన కొమ్మును అడవిదున్న కొమ్మువలె పైకెత్తెనని కీర్తనకారుడు చెప్పుచున్నాడు. మన తెలుగు గ్రంథములో గురుపోతు అని తర్జుమా చేయబడినది. పట్టణవాసులకు ఇది వింతగా తోచును గాని మీకు తోచదు. కాడి క్రింద నున్న ఎద్దు తల వంచుకొని నడుచును. కాడి దింపగానే తల విదిలించి కొమ్మెత్తును. గురుపోతు కాడి యనునది ఎరుగనే యెరుగదు. ఆరు దినములు తలవంచి పనిచేసిన కూలివానిని దేవుడు ఆ దినమున తల యెత్తించుచున్నాడు. విశ్రాంతిదినపు పాటలో ఇంతకంటె తగిన ఉపమానము నాకు కనబడలేదు. రాయలసీమలోను కన్నడ సరిహద్దులోను కొన్ని గ్రామములలో సోమవారమున ఎద్దులకు కాడి కట్టని వాడుక కలదు. నిర్గమకాండము 23వ అధ్యాయములో దేవుడు ఎద్దును గాడిదను కూడ విశ్రాంతిదినములో చేర్చెను. ఎద్దునకు దొరకిన దినము ఎద్దును తోలువానికి దొరకకపోవుట న్యాయమా?

ఇక్కడ చరిత్రలోని ఒక సంగతి చెప్పవలెను. రోమా చక్రవర్తియైన కాన్‌స్టంటైను క్రీ.శ. 321లో ఆదివారమును సెలవుదినముగా చేసెను. న్యాయాధిపతులు, పట్టణవాసులు, చేతిపనులవారు ఆ దినమున విశ్రమింపవలెనని ఆజ్ఞాపించెను. గాని విత్తనపు అదను తప్పిపోవునని చెప్పి, పల్లెలలో వ్యవసాయము చేయువారు పని చేసికొనవచ్చునని విడిచిపెట్టెను. పట్టణమునకు సెలవు, పల్లెకు పని. దేవుని వాక్యమో వేరుగా నున్నది. నిర్గమకాండము 34వ అధ్యాయమున, దున్ను కాలమందును కోత కాలమందును సహితము విశ్రమింపవలెనని స్పష్టముగా చెప్పబడినది. పల్లెవానికే అది చెప్పబడినది. మన దేశమున బొంబాయి మిల్లు కూలీలకు ఆదివారపు సెలవు 1890 జూన్ 10న లభించెను. దానికై పాటుపడిన నారాయణ మేఘాజీ లోఖండే క్రైస్తవుడు కాడు; జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు చెందినవాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కర్మాగారపు పనివారికి వారమునకొక సెలవు ఏర్పరచెను. చేని కూలివానికి మాత్రము పని మానిన దినము కూలి మానిన దినమే.

ఈ మాటలను మంత్రాలయము చుట్టుప్రక్కల నుండి చూచినయెడల వాటి బరువు తెలియును. ఒకప్పుడు మంచాల అను పేరుగల ఈ గ్రామమున తుంగభద్ర ఒడ్డున 1671లో రాఘవేంద్రస్వామివారు బృందావన ప్రవేశము చేసిరి. నాటినుండి భక్తులు వచ్చుచునే యున్నారు. గురువారము వారికి విశేష దినము. రైలు దిగి, బస్సులెక్కి, దూరదేశములనుండి వత్తురు. వారి విశ్వాసము వేరు, మన విశ్వాసము వేరు. అయినను ఒక దినమును దేవునికని ఏర్పరచుకొని వారము వారము దానిని తప్పనీయని నిష్ఠ మన కన్నులయెదుటనే యున్నది. దానిని చూచి మనము ఆలోచింపవలెను. వాన పడిన ఆదివారము గుడి సగము ఖాళీ, పత్తి పగిలిన ఆదివారము ముప్పాతిక ఖాళీ అను మాట మన సంఘములను గూర్చి చెప్పబడరాదు.

కాని గుడికి రానివారినందరిని ఒకే మాటతో గద్దించుట అన్యాయము. యాత్రికులు నిండిన చోట హోటళ్లలో ఎంగిలి పళ్లెములు కడుగువారికిని, ఆటో తోలువారికిని, గదులు ఊడ్చువారికిని ఆదివారము విశ్రాంతి దొరకుట అరుదు. మంత్రాలయము, కోసిగి, కౌతాళము, ఆదోని ప్రాంతపు పల్లెలనుండి జనులు సుగ్గికి పోవుదురు. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు పిల్లలతో, చట్టిముంతలతో తరలిపోవుదురు. వానలు తప్పిన యేట ఇండ్లకు తాళములు, గుడిలో ముసలివారు. ఆ కూలివానికి ఆదివారమేదో నిర్ణయించువాడు మేస్త్రీ. అతనితో నీవు విశ్రాంతిదినమును మీరితివి అని చెప్పు ఉపదేశి, ఐగుప్తులో ఇటుకలు చేయువానిని గద్దించి, ఫరోను విడిచిపెట్టినట్టు కాదా?

అట్టివారికి ఈ కీర్తన ఏమి చెప్పును? మరల మొదటి వచనములకు పొండి. ఉదయము, రాత్రి. ఈ రెండు వేళలను మేస్త్రీ కొనలేడు. ఆదిమ క్రైస్తవులకు దాదాపు 300 సంవత్సరములు ఆదివారపు సెలవు లేదు. వారిలో అనేకులు దాసులు. క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియ దేశాధికారియైన ప్లినీ చక్రవర్తికి వ్రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నియమిత దినమున తెల్లవారకమునుపే కూడి క్రీస్తును స్తుతించి పాడుదురని తెలిపెను. త్రోయలో ఆదివారమున కూడినవారు రాత్రి దీపముల వెలుగున కూర్చుండిరి. పౌలు అర్ధరాత్రివరకు బోధించెను. కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రమత్తున పడిపోయెను. పగలంతయు కష్టించినవాడో ఏమో గాని, సంఘము అతనిని నిందింపలేదు. ఎత్తుకొని ప్రాణముతో ఇంటికి తోడుకొనిపోయిరి. కాబట్టి సుగ్గిలో నున్న సహోదరుడా, సహోదరీ, గుడారము ముందర తెల్లవారుజామున నలుగురు కూడి ఒక పాట, ఒక వాక్యము, ఒక ప్రార్థన చేసినయెడల అది చిన్న ఆరాధన అని తలంచవద్దు. మన సంఘములు పుట్టినది అట్టి ఆరాధనలోనే. సంఘపెద్దలారా, కోతకాలమున ఆరాధన వేళను కూలివారి గడియారమునుబట్టి పెట్టుడి. పదకొండు గంటలకు గంట కొట్టి, చేనిలో నున్నవాడు రాలేదని నేరము మోపవద్దు.

పొలము గల విశ్వాసులకు ఒక మాట. మీరు గుడిలో ఈ కీర్తన పాడుచుండగా మీ చేనిలో ఇతరులు కూలికి వంగియున్నయెడల, మీ పాటలో ఒక తంతి తెగియున్నది. మీ ఇంటిని కూడ చూచుకొనుడి. ఆదివారము పురుషునికి విశ్రాంతి, పిల్లలకు ఆట; ఇల్లాలికో వారములో నెక్కువ పని. బిందెలు మోయవలెను, కోడికూర వండవలెను, చుట్టములకు వడ్డింపవలెను, ఆలస్యముగా గుడికి వచ్చి వెనుక కూర్చుండవలెను. ఆజ్ఞలో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి లెక్కింపబడిరి. తల్లి పేరు లేదు గనుక ఆమెకు సెలవు లేదని దాని భావము కాదు. శనివారపు రాత్రియే రొట్టెలు చేసికొని, ఆదివారము సద్దితో తృప్తిపడి, ఆ యింటి స్త్రీని మొదటి పాటనుండి గుడిలో కూర్చుండనిచ్చు కుటుంబము ఈ కీర్తనను సరిగా అర్థము చేసికొన్న కుటుంబము.

ఈ కీర్తనలో రెండు విధముల మొక్కలున్నవి. దుర్మార్గులు గడ్డివలె మొలచుదురు. నీతిమంతులు ఖర్జూరపుచెట్టువలెను లెబానోను దేవదారువలెను పెరుగుదురు. దేవదారు మన కన్నులకు దూరము. ఖర్జూరము మాత్రము మన వంకల యొడ్డున పెరుగు ఈతచెట్టుకు దాయాదియే. తొలకరి పడిన వారమునకు గడ్డి పచ్చగా లేచును, ఎండ పట్టగానే మాడిపోవును. ఈతచెట్టు నిదానముగా పెరుగును గాని ఎండ సంవత్సరమున పచ్చగా నుండును. ఒక పెద్ద కూడికలో పొంగి, మూడు నెలలకు చల్లబడు భక్తి గడ్డివంటిది. ప్రతి ఆదివారము, ప్రతి ఉదయము, ప్రతి రాత్రి కొంచెము కొంచెముగా వేరు దించు భక్తి చెట్టువంటిది. ఆ చెట్టు దేవుని మందిరములోనే నాటబడినదని కవి చెప్పుచున్నాడు. అప్పుడప్పుడు వచ్చి పోవునది నాటబడినది కాదు.

దుష్టుడు మాడిపోవుట మేము చూడలేదే, వడ్డీవాడు పచ్చగానే యున్నాడే అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. 73వ కీర్తన వ్రాసిన ఆసాపు కూడ అట్లే అడిగెను; దేవుని మందిరములో ప్రవేశించువరకు అతనికి ఉత్తరము దొరకలేదు. చేనిగట్టుమీదనుండి చూచినప్పుడు గడ్డియే ఎత్తుగా కనబడును. మందిరమునుండి చూచినప్పుడు కాలము యొక్క పొడవు కనబడును. వారమునకొకసారి ఆ చోటికి పోయి చూడనివాడు గడ్డినే చెట్టు అని నమ్మిపోవును. ఆరాధనను క్రమముగా చేయుటకు ఇంతకంటె బలమైన కారణము ఈ కీర్తనలో లేదు.

ముసలితనమందు కూడ ఫలించుదురను వాగ్దానముతో పాట ముగియుచున్నది. పడుచువారు సుగ్గికి పోయిన పల్లెలో, ఆదివారమున గుడి తలుపు తెరచి, ఊడ్చి, దీపము వెలిగించి, పోయినవారి పేరు పేరున ప్రార్థించు అవ్వలును తాతలును ఆ ఫలము. వారుండగా ఆ సంఘము మూతపడలేదు.

ఒక్కటి ఈ కీర్తనలో లేదు. అలసినవానిని నా యొద్దకు రమ్మని పిలుచు స్వరము ఇందులో వినబడదు. దానికొరకు మత్తయి సువార్త 11వ అధ్యాయమునకు పోవలెను. 92వ కీర్తన విశ్రాంతిని గూర్చి పాడును. ప్రభువైన యేసు దానిని ఇచ్చును. పదునెనిమిదేండ్లు నడుము వంగిపోయిన స్త్రీని ఆయన విశ్రాంతిదినమునే చక్కగా నిలువబెట్టెను. వంగినవారు నిటారుగా నిలుచుటకు ఆ దినము తగినదని ఆయన చూపెను.

కాబట్టి ప్రియ చదువరీ, రాబోవు ఆదివారము ఈ కీర్తనను ఒక్క వచనమును విడువక మీ ఇంటివారితో చదువుకొనుడి. మీ యింటిలో, మీ చేనిలో, మీ సంఘములో తల వంచియే యున్నవారెవరో చూడుడి. వారి కాడిని ఒక దినము దింపుటకు మీ చేతనైనది చేయుడి. మనలను దాసత్వమునుండి విడిపించిన దేవుడు, ఉదయమున తన కృపను రాత్రి తన నమ్మకత్వమును మనకు జ్ఞాపకము చేయుచు, తనయందు విశ్రమించు నేర్పును మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.